ఒంటిచేతి సోఫా

ఆదివారం పొద్దున ఉప్మా తింటూ మట్టయ్య ఆ వారం చేయవలసిన పనులు భార్యకు వినిపించాడు. పనులు రెండే. ఒకటి, ఒక పాత సోఫా కొనడం. రెండు, వచ్చే ఆదివారం మారుతీపురం కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు కావడం. మొదటిది జరిగితే రెండోది దానంతట అదే జరుగుతుందని ఆయన నమ్మకం.

"ఇంట్ల సోఫా ఉండంగ ఇంకో సోఫా ఏంది?" అంది ఆండాలు.

"అది కొత్తది. కొత్తదాన్ని ఎవడు దేకుతడు? నవాబుల కాలం నాటిది గావాలె."

ఆండాలు ఇంకో గరిటెడు ఉప్మా వేసి ఊరుకుంది. మొగుడికి ఆలోచన వచ్చినప్పుడు అడ్డుపడితే అది రెండింతలు అవుతుందని ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం.

ఎల్.బి.నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల ఉన్న ఆ కాలనీ అంతా ఒకప్పుడు మట్టయ్య జొన్నచేను. ప్లాట్లు చేసి అమ్మాక మేడ కట్టాడు, స్కూటర్ కొన్నాడు, కలర్ టీవీ కొన్నాడు. ఒక్కటి మాత్రం ఎంత పెట్టినా దొరకలేదు. తన చేలో ఇళ్ళు కట్టుకుని ఉంటున్న ఒక్కడూ ఆయన్ను "మట్టయ్య గారూ" అని పిలవలేదు. నిన్నగాక మొన్న అద్దెకు దిగినవాడు కూడా "ఏం మట్టయ్యా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు చెంప మీద కొట్టినట్టుండేది. ఇక సంఘం అధ్యక్షుడు భానుమూర్తి సంగతి చెప్పనక్కర్లేదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఆఫీసరు ఆయన. క్రితం వారం మట్టయ్య పని మీద వెళితే తాను పడక్కుర్చీలో వాలి, మట్టయ్యకు ఇనుప మడతకుర్చీ చూపించాడు. "ఇది మా తాతగారు వాడిన కుర్చీ మట్టయ్యా. ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయి?" అన్నాడు.

మట్టయ్యకూ ఒక తాత ఉండేవాడు. ఆ తాతకూ నల్లటి టేకు పట్టెమంచం ఉండేది. గృహప్రవేశం నాడు వంటకు కట్టెలు తక్కువైతే మట్టయ్యే దాన్ని గొడ్డలితో కొట్టించి పొయ్యిలో పెట్టించాడు. సొంత తాత మంచాన్ని కాల్చుకున్న మనిషి ఇప్పుడు పరాయి తాతల సోఫా కోసం స్కూటర్ ఎక్కాడు. ఇట్లాంటి తెలివి ప్లాట్లు అమ్మిన కొత్తలోనే వస్తుంది.

సైదాబాద్‌లో జహంగీర్ భాయ్ పాత సామాను దుకాణం ఉంది. దేవిడీలు, పాత బంగళాలు అమ్ముకుంటున్న నవాబుల కుటుంబాల సరుకంతా అక్కడికే చేరుతుంది. మట్టయ్య అడిగిన మీదట ఆయన నాలుగు వస్తువులు చూపించాడు. వాటిని సోఫా అందామంటే మనిషి కాళ్ళు చాపుకునేంత పొడవున్నాయి. మంచం అందామంటే ఒక కొస ఎత్తుగా లేచి ఉంది. వీపు సగం దాకానే ఉంది. చెయ్యి ఆనించుకునేందుకు ఒక పక్కే ఉంది, రెండో పక్క బోడి.

"షేజ్ లాంజ్ అంటరు సాబ్ దీన్ని. ఫ్రాన్స్ వాళ్ళ పద్ధతి. నవాబులు పగటిపూట దీని మీదనే ఆరాం చేస్తుండె."

"ఇంకో చెయ్యి ఏది? విరిగిందా?"

"దీనికి ఒక్కటే ఉంటది. ఎడమ చెయ్యిది గావాల్నా, కుడి చెయ్యిది గావాల్నా? మీ ఇంట్ల ఏ గోడకు వేస్తరు, తల ఎటు వస్తది? మొదలు అది చెప్పున్రి."

ఆ దుకాణంలో ఆ రోజు వినిపించిన తెలివైన మాట అదొక్కటే. మట్టయ్య దాన్ని వినిపించుకోలేదు. ఆయనకు తెలిసిన బేరం ఎద్దుల బేరం. కాబట్టి సోఫాల వీపులు చరిచాడు. ఒక్కో కాలూ ఎత్తి గిట్ట చూసినట్టు చూశాడు. చెక్క చారల్లో చెడ్డ సుడులున్నాయేమోనని వేలితో తడిమాడు. పేము అల్లినదానికి డొక్కలు కనిపిస్తున్నాయన్నాడు. సింహం పాదాలున్నదానికి కాళ్ళు వంకరన్నాడు. మూడోదాని మీద ఒక్క మరకైనా లేదు, పాతదంటే ఎవడూ నమ్మడన్నాడు. నాలుగోది మెరూన్ రంగు మఖమల్‌ది. నూగు రాలిపోయి, నడుమ పెద్ద గుంట పడి ఉంది.

"ఈ గుంట ఎవరిది?" అన్నాడు మట్టయ్య భక్తిగా.

"పెద్ద నవాబ్ సాబ్‌ది. ముప్పై ఏండ్లు పండిండు."

"ఇది బండిల ఎక్కియ్యి."

బండి కదిలే ముందు దాని మీద ఎట్లా కూర్చోవాలో కూడా అడిగి తెలుసుకున్నాడు. "కూసోవద్దు సాబ్, ఒరగాలె," అన్నాడు జహంగీర్ భాయ్. "ఎడమ చెయ్యి గిట్ల వాల్చెయ్యాలె. నోట్ల పాన్ ఉండాలె. ఎవరొచ్చి సలాం చేసినా లేవొద్దు, జర తల ఊపితె చాలు." ఈ పాఠాన్ని మాత్రం మట్టయ్య ఒక్క ముక్క పోకుండా నేర్చుకున్నాడు.

ఇంటికొచ్చాక జహంగీర్ భాయ్ ప్రశ్న ఎంత విలువైనదో తేలింది. హాల్లో ఖాళీగా ఉన్నది వీధివైపు గోడ ఒక్కటే. దానికి ఆనించి వేస్తే తలవైపు సరిగ్గా ఉత్తరానికి వచ్చింది. ఇటు మళ్ళిస్తే తల దక్షిణానికి వచ్చింది కానీ పడుకున్న మనిషి గోడను చూస్తూ ఉండాలి.

"ఉత్తరం దిక్కు తల పెట్టి పండుతవా? అంత తొందరేమొచ్చింది?" అంది ఆండాలు. "దుకాణంల ఏం జూసినవ్, దాని పండ్లా?"

సాయంత్రం దాకా సోఫా హాలంతా తిరిగింది. చివరికి అదే గోడకు అవతలి పక్కన, అంటే వరండాలో వేస్తే తల దక్షిణానికీ ముఖం రోడ్డుకూ కుదిరాయి. నలుగురి కళ్ళలో పడటానికి అదే మంచిదని మట్టయ్య తన తప్పును తనే మెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున్నే తెల్ల ధోవతి కట్టి, భుజాన శాలువా వేసి, పాన్ నమిలి, పెద్ద నవాబు గుంటలో దిగబడ్డాడు. ఎడమ చెయ్యి వాల్చేశాడు. పాలకు పోతున్న ఎదురింటి భూలక్ష్మి గేటు దగ్గర ఆగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడుపుతున్న బిక్షపతి భార్య ఆమె.

"బాగున్నరా మట్టయ్యా?"

ఎప్పుడూ గేటు దాకా వచ్చి మాట్లాడే మనిషి ఇవాళ లేవలేదు. తల మాత్రం మెల్లగా ఊపాడు. నోట్లో పాన్ ఉండటం వల్ల మాట ముద్దగా వచ్చింది. ఎడమ చెయ్యి కదల్లేదు. భూలక్ష్మి ఆ చెయ్యి చూసింది, దాని కింద సోఫాకు ఉన్న ఒక్క చెయ్యీ చూసింది. పోచంపల్లి వైపు ఊళ్ళలో జబ్బు మనిషి మంచాన్ని గాలి కోసం వరండాలోనే వేస్తారు. ఎడమ పక్క పడిపోయిన మనిషికి ఎడమ చెయ్యి ఆనించుకునేందుకు ప్రత్యేకంగా చేయించిన మంచం ఇదని ఆమెకు అర్థమైంది. పాలు తీసుకుని ఇంటికి చేరేలోపు నాలుగు ఇళ్ళకు కూడా అర్థమైంది.

మధ్యాహ్నం నుంచి జనం రావడం మొదలైంది. బత్తాయిలు తెచ్చారు, బ్రెడ్డు తెచ్చారు, హార్లిక్స్ సీసాలు తెచ్చారు. చెప్పులు మెట్ల కింద విడిచి, గొంతు తగ్గించి మాట్లాడారు. "మీరు లేవకండి మట్టయ్య గారూ" అన్నారు. మట్టయ్యకు ఒళ్ళు పులకరించింది. ఒక్క పూటలో సోఫా ఇంత పని చేస్తుందని ఆయన కూడా అనుకోలేదు. మంగళవారం భానుమూర్తి స్వయంగా వచ్చి, ఇనుప మడతకుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.

"మనిషన్నాక ఇలాంటివి తప్పవండీ మట్టయ్యగారూ. ధైర్యంగా ఉండాలి," అన్నాడు.

తన గెలుపు ఖాయమని భానుమూర్తి ఒప్పుకుంటున్నాడనుకున్నాడు మట్టయ్య. జాలిపడి, "మీరు గూడ ధైర్నంగ ఉండున్రి సారూ" అన్నాడు. భానుమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చి ఆండాలును పలకరించారు.

"ఎప్పటి సంది అక్కా?" అంది భూలక్ష్మి.

"మొన్న ఆదివారం సంది," అంది ఆండాలు, ఆమె సోఫా గురించి అడిగిందనుకుని.

"తక్కువైతదా?"

"గా ఎలక్షన్ అయిందాంక తక్కువ గాదు."

మర్నాటికి గానీ వాళ్ళు అడుగుతున్నది మొగుడి జబ్బు గురించని ఆండాలుకు తెలియలేదు. తెలిశాక కూడా వెంటనే కాదనలేదు. వారం రోజులు మొగుడు కదలకుండా ఒక్క చోట పడి ఉండటం ఆమెకు కాపురంలో మొదటిసారి. పైగా వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు, కూర్చుని తమ బాధలు చెప్పుకున్నారు. వాన పడితే మూడో వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తున్నాయని, భానుమూర్తి నాలుగేళ్ళుగా అర్జీలు రాస్తూనే ఉన్నాడని భూలక్ష్మి చెప్పింది.

"అర్జీ బెడితె నీళ్ళు పోతయా?" అంది ఆండాలు బత్తాయి ఒలుస్తూ. "ఆడ మా చేన్ల ఒర్రె పారుతుండె. కలుపు తీయనీకె పోయి అండ్లనే కాళ్ళు గడుక్కుంటుంటిమి. గా భానుమూర్తి సారు దానికి అడ్డం ప్రహరీ గట్టిండు. గోడ కింద తూము బెడితె ఒక్క గంటల పోతయి."

ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంత చిన్న సంగతి నాలుగేళ్ళ అర్జీల్లో ఎక్కడా లేదు.

శనివారం కర్మన్‌ఘాట్ నుంచి ఆండాలు అన్న గుండయ్య బుట్టతో దిగాడు. గేటు దగ్గరే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వరండాలో అప్పటికే పదిమంది పరామర్శలో ఉన్నారు.

"బావా, నువ్వు ఫికరు జెయ్యకు. జంట పావురాలు దెచ్చిన. నెత్తురు వేడి వేడిగ రుద్దితె పచ్చవాతం పటాపంచలైతది. హనుమంతుని గుళ్ళె నీ పేరు మీద ప్రదక్షిణలు గూడ జేసిన."

"ఎవనికిరా పచ్చవాతం?" అన్నాడు మట్టయ్య.

అందరూ ఆయన ఎడమ చెయ్యి వైపు చూశారు. ఆరు రోజులుగా అందుకున్న గౌరవం తనకు కాదు, ఒక రోగికి అందిందని మట్టయ్యకు అప్పుడు అర్థమైంది. కోపంతో ఒక్క ఉదుటున లేవబోయాడు. పొద్దున్నుంచీ గుంటలో మడిచి ఉంచిన కాలు తిమ్మిరెక్కి ఉంది. అది మడతపడి, మనిషి గుండయ్య బుట్ట మీద పడ్డాడు. పావురాలు ఎగిరి టీవీ యాంటెనా మీద కూర్చున్నాయి.

"కాలు గూడ పోయింది పాపం," అన్నారెవరో వెనక నుంచి.

నలుగురూ కలిసి ఆయన్ను ఎత్తి మళ్ళీ గుంటలో పడుకోబెట్టారు. నాకేం జబ్బు లేదని ఆయన అరిచిన కొద్దీ, అవునవునంటూ శాలువా కప్పారు. ఈ జబ్బులో కోపం ఎక్కువగా ఉంటుందని ఒకాయన పక్కనున్నవాళ్ళకు వివరించాడు.

ఆదివారం పదిగంటలకు సంఘం ఖాళీ ప్లాటులో షామియానా కింద సమావేశం జరిగింది. మట్టయ్య నడిచి వెళ్ళాడు. కానీ గుండయ్య ఒక పక్క, భూలక్ష్మి మొగుడు బిక్షపతి ఇంకో పక్క పట్టుకునే ఉన్నందున అది నడకగా ఎవరికీ లెక్కకు రాలేదు. భానుమూర్తి లేచి గొంతు సవరించుకున్నాడు.

"మట్టయ్యగారంటే మనందరికీ గౌరవం. అందుకే ఆయన్ని ఈ భారం మోయమనడం న్యాయం కాదు. తమ పేరు ఉపసంహరించుకుని, విశ్రాంతి తీసుకోమని కోరుతున్నాను," అన్నాడు.

మట్టయ్య ఇద్దరినీ విదిలించుకుని ముందుకొచ్చాడు. షామియానా చుట్టూ రెండుసార్లు పరుగెత్తాడు. బల్ల మీదకెక్కి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"చూడున్రి. కాళ్ళున్నయ్. రెండు చేతులున్నయ్. నాకేం రోగమున్నదో చెప్పున్రి."

షామియానా అంతా చప్పట్లు మోగాయి. మట్టయ్య ఛాతీ పొంగింది. నిన్న కాలు మడతపడిన మనిషి ఇవాళ బల్ల ఎక్కాడంటే అది హనుమంతుడి దయేనని గుండయ్య అన్నాడు. భూలక్ష్మి ఒప్పుకోలేదు.

"దేవుడు చేసింది దేవుడు చేసిండు. రాత్రిపగలు చాకిరి చేసిందెవరు? పడిపోయిన మనిషిని ఆరు రోజుల్ల లేపి ఉరికిచ్చింది ఆండాలక్క. మన గల్లీల నీళ్ళు ఎట్ల పోవాల్నో గూడ ఆమెకే ఎరుక. ప్రెసిడెంట్ చేస్తె ఆమెనే చెయ్యాలె."

ఆండాలు వెనక వరసలో నిలబడి ఉంది. "నాకెందుకు గీ పరేషాన్," అంది ముందు. ఆ తర్వాత బల్ల మీద ఉన్న మొగుణ్ణి ఒకసారి, భానుమూర్తిని ఒకసారి చూసింది. ఇద్దరిలో ఎవరు గెలిచినా మూడో వీధి నీళ్ళు అక్కడే ఉంటాయని ఆమెకు తెలుసు. "సరె, గోడ కింద తూము బెట్టేదాంక ఉంట," అంది.

భానుమూర్తి నవ్వి, మట్టయ్యకు బదులు ఆమె పేరు రాయించి, తనకూ ఆమెకూ మధ్య వెంటనే ఓటింగు పెట్టమన్నాడు. కార్యదర్శి చేతులు లెక్కపెట్టాడు. ముందు భానుమూర్తికి, తర్వాత ఆండాలుకు. మట్టయ్య రెండు చేతులూ మొదటి లెక్కకు చెమట తుడుచుకుంటున్నాయి. రెండో లెక్కకు, ఇంకా నమ్మని ముసలాయన ఎవరో చేతులు చూపించమంటే, మళ్ళీ పైకి లేచాయి. ఆండాలు రెండు ఓట్ల తేడాతో గెలిచింది. ఆ రెండూ ఒకే మనిషి చేతులని భానుమూర్తి గమనించకపోలేదు. కోలుకుంటున్న రోగిని అంతమందిలో చెయ్యి దించమనడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

మట్టయ్య కోరిక కూడా తీరింది. ఆ రోజు నుంచి కాలనీలో అందరూ ఆయన్ను గౌరవంగానే పిలుస్తున్నారు, ప్రెసిడెంటమ్మ గారి భర్త గారు అని.