చెంగల్రాయుడి జుట్టు, తిరుమలయ్య మొక్కు

సోమవారం ఉదయం చెంగల్రాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీపు సగం దాకా ఉన్న జుట్టును ముడిచి, దాని మీద తలగుడ్డ చుట్టి, పది గంటలలోపు కార్యాలయానికి చేరి, టైపు మిషను వెనుక ఒదిగి కూర్చోవాలి. సాయంత్రం అయిదింటికి లేచి పుత్తూరు వైపు వెళ్ళే రైలు పట్టుకోవాలి. మూడేళ్ళుగా ఈ పథకం నిరాటంకంగా సాగుతున్నది. అందుకు కారణం దైవానుగ్రహమని అతడు అనుకునేవాడు. పాత అధికారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉండేవన్నది వాస్తవం. ఆ అధికారి మొన్ననే పదవీ విరమణ చేశాడు.

తిరుపతి శివార్లలోని ఆ ప్రభుత్వ విత్తనాల గిడ్డంగిలో చెంగల్రాయుడు తాత్కాలిక టైపిస్టు. పుత్తూరు దగ్గరున్న సొంత ఊళ్ళో మాత్రం ద్రౌపది. అక్కడి ధర్మరాజుల గుడి ముందు ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి అదే కథను వేషాలు కట్టి ఆడతారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. తొమ్మిదేళ్ళు చెలికత్తెగా నిలబడి విసనకర్ర వీచిన తరువాత చెంగల్రాయుడికి ఈ ఏడు ద్రౌపది వేషం దక్కింది.

దక్కడానికి కారణం జుట్టే. నాలుగేళ్ళ క్రితం ఒక ద్రౌపది విగ్గు పెట్టుకుని ఆడాడు. దుశ్శాసనుడు జుట్టు పట్టి సభకు ఈడ్చుకువచ్చే ఘట్టంలో విగ్గు ఒక్కటే సభకు చేరింది. ద్రౌపది తెర దగ్గరే నిలిచిపోయాడు. దుశ్శాసనుడు రోషంలో ఉండి ఆ సంగతి గమనించక, చేతిలోని విగ్గును ఉద్దేశించి రెండు పద్యాలు పాడేశాడు. ఉత్సవాల పెద్ద కుప్పయ్య మరునాడే శాసనం చేశాడు. "సొంత జుట్టు ఉండేవాడే ద్రౌపది కట్టాల. లేనోడు పక్కకు పోవాల." మనిషి జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. నాలుగేళ్ళకు రెండడుగులు. ఆ లెక్కన చెంగల్రాయుడు తలకు కత్తెర తగలనీయకుండా ఇంతదూరం వచ్చాడు. వచ్చే ఆదివారమే వస్త్రాపహరణం. ఈలోగా అతడికేమైనా అయితే వేషం కట్టడానికి కుప్పయ్య మేనల్లుడు భుజాల దాకా పెంచుకుని సిద్ధంగా ఉన్నాడు.

కొత్త అధికారి పేరు ప్రేమానందం. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చాడు. కళ్ళజోడు అవసరం లేని మనిషి. పదిన్నరకు అందరినీ ఒక్కొక్కరిగా పిలిచి పరిచయం చేసుకుంటూ చెంగల్రాయుడి వంతు వచ్చేసరికి ఆగాడు.

"తలకు ఆ గుడ్డ ఎందుకండీ? దెబ్బ తగిలిందా?"

"లేదు సార్."

"అయితే తీసేయండి. ఇది కార్యాలయం కదా."

చెంగల్రాయుడు తలగుడ్డ తీశాడు. ముడి ఊడి, నల్లని జుట్టు రెండడుగుల మేర జారి వీపును కప్పింది. ప్రేమానందం, ఇంటికి ఆడవాళ్ళు వచ్చినప్పుడు లేచినట్టు అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు. వెంటనే తప్పు గ్రహించి కూర్చున్నాడు.

"ఏమిటండీ ఇది?"

"జుట్టు సార్."

"అది కనిపిస్తూనే ఉంది. రేపు ఉదయానికి కనిపించకూడదు."

చెంగల్రాయుడు తలగుడ్డను మడిచి చంకలో పెట్టుకున్నాడు. నాటకం సంగతి చెప్పడానికి వీల్లేదు. అనుమతి లేకుండా బయట వేషాలు కట్టే తాత్కాలిక ఉద్యోగిని ఆ రోజే పంపించేస్తారని హెడ్ గుమాస్తా తిరుమలయ్య అతడికి ఏనాడో చెప్పి ఉన్నాడు. ఆ తిరుమలయ్యే ఇప్పుడు దయతలచి అడ్డం వచ్చాడు.

"సార్, అది మొక్కు జుట్టు. కొండకు ఇయ్యాల్సింది. ఈ ఊర్లో యే మంగలీ దాన్ని ముట్టడు సార్."

ప్రేమానందం ముఖం మారిపోయింది. "అయ్యో, క్షమించండి. నాకు తెలియదు. నేను క్రైస్తవుణ్ణి. ఇలాంటి విషయాలలో నా వల్ల పొరపాటు జరగకూడదు. ఇంతకూ ఏమని మొక్కుకున్నారు?"

చెంగల్రాయుడు ఆలోచించడానికి నోరు తెరిచాడు. తిరుమలయ్యకు ఆలోచించే అలవాటు లేదు.

"ఉద్యోగం పర్మనెంటు కావాలని సార్. రెండేండ్లుగా ఆ ఫైలు మీ బల్ల మీదనే ఉండాది."

ప్రేమానందం వెదికించాడు. వేరుశనగ నమూనాల సంచి కింద ఫైలు దొరికింది. అర్హతలన్నీ సరిగ్గా ఉన్నాయి. లోపించినది సంతకం ఒక్కటే. మధ్యాహ్నం రెండు గంటలకు ఆయన సంతకం పెట్టేశాడు. టీ దుకాణం దగ్గర తిరుమలయ్య రెండు బోండాలు తిని మూడోది చేతికి తీసుకున్నాడు.

"సూస్తివా అప్పా? నా నోటి మాటకు నీ జుట్టూ మిగిలె, ఉద్యోగమూ వచ్చె."

"నీ మేలు మర్చిపోను లేన్నా," అన్నాడు చెంగల్రాయుడు. ఆ మాట నిజమైంది. వారమంతా అతడికి మరో ధ్యాస లేకపోయింది.

సాయంత్రం అతడు తలగుడ్డ చుట్టుకుంటూ ఉండగా, కార్యాలయంలో ఊడ్చి నీళ్ళు పెట్టే దేవకమ్మ చీపురు ఆపి నిలబడింది.

"యాడికి నాయనా?"

"రైలుకు."

"కొండకు పోవా? కోరింది దక్కినాక ఆ జుట్టు నీది కాదు. స్వామిది. స్వామి సొత్తు నెత్తిన పెట్టుకోని ఊర్లు తిరిగితే ఊరుకుంటాడా?"

ఈ తర్కంలో దోషం ఎక్కడుందో చెంగల్రాయుడికి అందలేదు. నిజానికి దోషమేమీ లేదు. అసలు మొక్కే అబద్ధమన్నది ఒక్కటే లోటు.

మంగళవారం ఫ్యాను ఆగిపోయింది. ఆ ఫ్యాను ఏడేళ్ళుగా నెలకు రెండుసార్లు ఆగుతూనే ఉంది గాని, అంతవరకు దానికి కారణం ఎవరూ అడగలేదు. ఇప్పుడు దేవకమ్మ అడగకుండానే చెప్పింది. బుధవారం ఎలుకలు హాజరు పట్టీ కొరికాయి. గురువారం ప్రేమానందం సరుకు చూడడానికి గిడ్డంగిలోకి వెళ్ళి, జారిపడి, ఎడమ చీలమండ బెణికించుకున్నాడు. నేల నిండా వేరుశనగ గింజలు దొర్లుతుండటం, ఆయన తోలు చెప్పులు కొత్తవి కావడం, ఈ రెంటినీ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మొక్కు తీరని జుట్టు పది గజాల దూరంలో ఉండటాన్ని మాత్రం అందరూ తీసుకున్నారు.

అధికారిని జీపులో, ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు పంపి, ఆకుపసరు పెట్టి బద్దలతో కట్టు కట్టించారు. శుక్రవారం ఆయన ఆ కాలిని కుర్చీ మీద చాపుకుని చెంగల్రాయుణ్ణి పిలిపించాడు.

"చూడండి, నాకు ఇందులో నమ్మకం లేదు. కానీ నమ్మకం ఉన్నవాళ్ళు ఈ కార్యాలయంలో పదకొండుమంది ఉన్నారు. మీరు జుట్టు ఇచ్చి వచ్చేదాకా గిడ్డంగిలో అడుగు పెట్టేది లేదంటున్నారు. రేపు జీపు ఏర్పాటు చేశాను. సంతకం పెట్టినవాణ్ణి కాబట్టి నేను కూడా వస్తాను."

"రేపు శనివారం సార్," అన్నాడు చెంగల్రాయుడు, ఏ ఆధారమూ దొరకక.

"స్వామికి శనివారం విశేషమట కదా. కనుక్కున్నాను."

బయటకు వచ్చి అతడు తిరుమలయ్యను తూము దగ్గరకు లాక్కుపోయాడు. "అన్నా, నీ నోటితోనే ముడి వేసినావు. నీ నోటితోనే విప్పు."

"ఎట్లప్పా? ఇప్పుడు అబద్ధమంటే ఆ సంతకం యేమయితాది? నాకు ఇంకా రెండేండ్ల సర్వీసు ఉండాది. జుట్టుకేమప్పా, మళ్ళా మొలుస్తాది."

"ఆదివారానికి మొలుస్తాదా?"

తిరుమలయ్య నిజాయితీగా ఆలోచించాడు. "మొలవదు," అన్నాడు.

చెంగల్రాయుడి కుడి మణికట్టుకు, పొడుగు చేతుల చొక్కా కింద, పసుపు కొమ్ము కట్టిన కంకణం ఉంది. ఉత్సవం మొదలైన రోజున వేషగాళ్ళందరికీ దాన్ని కడతారు. విప్పేదాకా తలకు కత్తి తగలకూడదు. ఆ చేయి చూపిస్తే ఈ ప్రయాణం అక్కడికక్కడే ఆగిపోతుంది. చూపిస్తే వేషం సంగతీ, మొక్కు సంగతీ కూడా బయటపడతాయి. అతడు చొక్కా గుండీ మరొకసారి సరిచూసుకున్నాడు.

శనివారం తెల్లవారి అతడు రైలు దిగేసరికి జీపు స్టేషను ముందు ఆగి ఉంది. ముందు సీట్లో కట్టుకాలితో ప్రేమానందం, వెనుక తిరుమలయ్య, ఆయన పక్కన, మొక్కు మధ్యలో పారిపోకుండా చూడడానికి దేవకమ్మ. ఘాట్ రోడ్డు మీద ఒక్కో మలుపు తిరిగేకొద్దీ చెంగల్రాయుడు జుట్టును ముందుకు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని నిమరసాగాడు. భక్తి అలాగే ఉంటుందని ప్రేమానందం గౌరవంగా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కల్యాణకట్టలో తిరుమలయ్యే వరుసలో నిలబడి చీటీ తెచ్చి పుణ్యం కట్టుకున్నాడు. పెద్ద వయసు క్షురకుడు చీటీ తీసుకుని, ఎదుటి పీట చూపించాడు.

"చొక్కా ఇప్పి కూసో అప్పా."

"చొక్కా ఉండనీ. తడిసినా ఫరవాలేదు."

"తడిసేది కాదు. వెంట్రుకలు గుచ్చుకుంటాయి. ఇప్పు."

వెనుక నుంచి దేవకమ్మ చొక్కా లాగేసింది. క్షురకుడు చెంబు ఎత్తాడు. చెంగల్రాయుడు అడ్డంగా చేయి పెట్టాడు. పెట్టింది కుడిచేయి. చెంబు గాలిలోనే ఆగింది.

"ఇదేంది, కంకణమా? యే వేషమప్పా?"

చెంగల్రాయుడు చుట్టూ చూశాడు. పక్క పీటల మీద నలుగురు సగం గుండ్లతో ఇటే చూస్తున్నారు.

"ద్రౌపది," అన్నాడు మెల్లగా.

క్షురకుడు చెంబు దించి, కత్తి మడిచాడు. "మా అత్తగారిది పుత్తూరు పక్కనే. కంకణం ఉండే తలకు నేను కత్తి పెట్టను. లేయ్."

"ద్రౌపది ఏమిటండీ?" అన్నాడు ప్రేమానందం, గోడ పట్టుకుని కుంటుకుంటూ దగ్గరకు వచ్చి.

ఇక దాచడానికి ఒంటి మీద చొక్కా కూడా లేదు. చెంగల్రాయుడు అంతా చెప్పాడు. విసనకర్ర పట్టిన తొమ్మిదేళ్ళూ, జుట్టు పెంచిన నాలుగేళ్ళూ, రేపటి వస్త్రాపహరణమూ చెప్పాడు. లేని మొక్కు ఎవరి నోట వచ్చిందో చెప్పకుండా తలవంచుకున్నాడు. అందరూ తిరుమలయ్య వైపు చూశారు. ఆయన గోడ మీది నోటీసును శ్రద్ధగా చదువుతున్నాడు.

ప్రేమానందం తిరుమలయ్యను వదిలి చెంగల్రాయుడి వైపు తిరిగాడు.

"వేషానికి అనుమతి కోరుతూ అర్జీ ఎందుకు పెట్టలేదు?"

"పెడితే తీసేస్తారన్నారు సార్."

"సోమవారం అడిగి ఉంటే సోమవారమే ఇచ్చేవాణ్ణి. మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి పన్నెండేళ్ళు మరియమ్మ వేషం నాదే. మాకు ముసుగు ఉంటుంది కాబట్టి జుట్టుతో పని పడలేదు." ఆయన జేబులోంచి కాగితం, కలం తీశాడు. "ఇప్పుడే రాయండి. ఆ ఫైలు మీద మొక్కు చూసి సంతకం పెట్టలేదు, అర్హత చూసి పెట్టాను. దాని గురించి దిగులు వద్దు."

చెంగల్రాయుడు పీట మీదే కూర్చుని, తడవని జుట్టుతో, తన జీవితంలో ఒక్క తప్పూ లేని మొదటి అర్జీ రాశాడు.

"అంతా బాగానే ఉండాది," అన్నాడు క్షురకుడు. "మరి ఈ చీటీకి తల యెవురిది?"

తిరుమలయ్య తలుపు వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు దేవకమ్మ అడ్డం నిలిచింది.

"యెవురి నోట్లో మొక్కు పుట్టినాదో వాళ్ళదే. అడిగినోడివి నువ్వు. స్వామి ఇచ్చేసినాడు."

"నేను ఊరికే అన్నాను గదమ్మా."

"ఊరికే అన్నదానికే ఇచ్చినాడే, సూడు. ఇంక మాట తప్పితే యేం చేస్తాడో."

తిరుమలయ్య దీనంగా అధికారి వైపు చూశాడు. ప్రేమానందం కట్టుకాలిని కాస్త సర్దుకున్నాడు. "ఈ విషయంలో నాకు అధికారం లేదండీ. సోమవారం పదకొండుమందీ గిడ్డంగిలోకి రావాలి. నాకు అదొక్కటే తెలుసు."

యాభై ఆరేళ్ళ వయసులో తిరుమలయ్యకు ఒత్తయిన ఉంగరాల జుట్టు ఉండేది. సంబంధాలు చూసే రోజుల్లో ఆయనకు పిల్లనిచ్చింది ఆ జుట్టు చూసేనని అత్తగారు ఈనాటికీ అంటుంది. ఆయన పీట మీద కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

ఆదివారం దుశ్శాసనుడు జుట్టు పట్టి ఈడ్చినప్పుడు జుట్టుతో పాటు ద్రౌపది కూడా సభకు వచ్చింది. జనం ఈలలు వేశారు. ముందు వరుసలో, స్టూలు మీద కాలు పెట్టుకుని కూర్చున్న ప్రేమానందం, ద్రౌపది కొంగు సర్దుకున్న తీరు బాగుందని పక్కనున్న కుప్పయ్యకు చెప్పాడు.

సోమవారం కార్యాలయంలో తిరుమలయ్యకు ఎదురైన ప్రతివారూ గుండు చూసి, ఏ మొక్కు తీరిందని అడిగారు. అబద్ధమాడే ఓపిక ఆయనకు ఇక మిగలలేదు. "చెంగల్రాయుడు పర్మనెంటు కావాలని నేను అన్నాను. అయినాడు," అన్నాడు. గిడ్డంగిలో ఇంకా అయిదుగురు తాత్కాలిక ఉద్యోగులు ఉన్నారు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నానికి ఆయన బల్ల మీద బోండాల పొట్లాలు చేరడం మొదలైంది.

"నీ నోటి మొక్కయితేనే పలుకుతాదన్నా. మా పేరు కూడా ఒక మాట అను."

తిరుమలయ్య జుట్టు దువ్వెనకు అందడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికే అది మరో ఇద్దరి పేర మొక్కుగా ఖాయమై ఉంది.