పెళ్ళికొడుకు లేని పెళ్ళికి ఎమ్మెల్యే

ఆ ఉదయం సుకన్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల బస్సుకు బోధన్ అవతలి తన పల్లె నుంచి నిజామాబాద్ వెళ్ళడం, ఎమ్మెల్యే లింబాద్రి గారితో రెండు నిమిషాలు మాట్లాడటం, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి మిగిలిన బీడీలు చుట్టుకోవడం.

మాట్లాడవలసిన సంగతి మాత్రం చిన్నది కాదు. ఆమె భర్త రాజశేఖర్ డ్రైవర్ పని అని నమ్మి కువైట్ వెళ్ళి, మూడేళ్ళుగా ఎడారిలో గొర్రెలు కాస్తున్నాడు. పాస్‌పోర్టు యజమాని గుప్పిట్లో ఉంది. కాగితాలు లేనివాళ్ళు శిక్ష లేకుండా సొంత దేశం వెళ్ళిపోవచ్చని అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువు నెలాఖరు. అది దాటితే జైలే. ఎంబసీ త్వరగా కదలాలంటే ఇక్కడి నుంచి పలుకుబడి ఉన్నవాళ్ళ ఉత్తరం ఒకటి కావాలి.

అప్పటికే మూడుసార్లు క్యాంపు ఆఫీసుకు తిరిగింది. మూడుసార్లూ పీఏ రామ్‌దాస్ అర్జీ తీసుకుని, "సార్‌కు సూపెడ్తలే" అని కిటికీ పక్కనున్న దొంతరలో పెట్టాడు. ఆ దొంతర పెరగడమే కానీ తరగడం ఆమె చూడలేదు. చూసిందల్లా ఒకటే: పెళ్ళి పత్రిక పట్టుకొచ్చినవాళ్ళను రామ్‌దాస్ నేరుగా లోపలికి పంపుతున్నాడు. అదీ న్యాయమే. అర్జీ అంటే ఒక ఓటు. పెళ్ళంటే ఒకే పందిట్లో ఐదు వందల ఓట్లు.

అందుకని ఈసారి సుకన్య పెట్టె అడుగు నుంచి తన పెళ్ళి పత్రికే తీసింది. పదకొండేళ్ళ నాటిది. మూలలకు పసుపు రాయడం ఆనవాయితీ కదా, ఆమె సంవత్సరం మీద కూడా కాస్త దట్టంగానే రాసింది. నెల, తేదీ మాత్రం అలాగే ఉన్నాయి. మే పదహారు. ఆ రోజు మే ఏడు. ఈ లెక్క ఆమెకు తట్టలేదు, తట్టి ఉంటే చెప్పుకోవడానికి కథ ఉండేది కాదు.

లింబాద్రి గారు పత్రికను రెండు చేతులా అందుకుని కెమెరా వైపు నవ్వారు.

"పిలగాడేం జేస్తడు చెల్లె?"

"కువైట్ల ఉన్నడు సార్. గా ముచ్చటనే జెప్పుదామని వచ్చిన."

"మల్ల కువైటేనా? మా పాలసీ ఒక్కటే చెల్లె. మనోళ్ళు ఎవ్వలు పరాయి దేశంల బతుకొద్దు."

"మంచిదే సార్. మరి పోయినోడు వస్తనంటే తొవ్వ ఏది?"

ఈలోగా వెనక నుంచి ఇంకో పత్రిక ముందుకొచ్చింది. "పెండ్లికొస్తగద, గప్పుడు నిమ్మళంగ మాట్లాడుకుందాం" అన్నారాయన. రామ్‌దాస్ డైరీలో తేదీ రాసేశాడు.

ఆమె ఇల్లు చేరేలోపే ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. గడపలో అత్త అంజవ్వ నిలబడి ఉంది.

"నా కొడుకు బతికుండంగనే ఇంకో పెండ్లా పిల్లా?"

పసుపు తుడిచి సంవత్సరం చూపించాక అత్త శాంతించింది. అంతలో కువైట్ నుంచి ఫోను. రాజశేఖర్ గొంతు చాలా చిన్నదైపోయింది.

"పిలగాడు ఎవలు సుకన్యా?"

"నువ్వే."

అవతల గొర్రెలు అరుస్తున్నాయి. "నన్ను పిలుస్తవా మరి?" అన్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

మర్నాడే రామ్‌దాస్‌కు ఫోను చేసి పెళ్ళి లేదని చెప్పేసింది. "వాయిద వడ్డదా? సార్ ప్రోగ్రాం మారదమ్మ. మీరే జర సర్దుకోండ్రి" అని అతను పెట్టేశాడు. పద్నాలుగో తేదీన, ఎమ్మెల్యే వస్తున్నాడని, రోడ్డు కోసం ఊరు మూడేళ్ళుగా అడుగుతున్న మొరం మట్టి నాలుగు ట్రాక్టర్లలో వచ్చి వీధిలో పడింది. అసలు సంగతి ఊరంతటికీ తెలుసు. రోడ్డు పూర్తయ్యేదాకా ఒక్కరూ నోరు మెదపలేదు. పదిహేనున నూతన వధూవరులకు శుభాకాంక్షలంటూ కార్యకర్తల ఫ్లెక్సీ లేచింది, ఇంటి ముందు పందిరి పడింది. పుట్టింటికి పారిపోదామా అనుకుంది సుకన్య. నెలాఖరుకు ఇంకా పదహారు రోజులే ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయింది.

పదహారున లింబాద్రి గారు కొత్త బట్టలతో, విలేకరులతో దిగారు. పందిట్లో అందరూ ఉన్నారు.

"పెండ్లికొడుకేడి?"

సుకన్య ఫోను తిప్పి చూపించింది. వీడియోలో తలకు తువ్వాలు చుట్టుకుని రాజశేఖర్, అతని వెనక గొర్రెలు.

"మా పెండ్లయి ఇయ్యాల్టికి పదకొండేండ్లు సార్. పత్రిక పాతది. అబద్ధమాడిన, తప్పు నాదే. అర్జీ తెస్తె కిటికీ దాటలే. పత్రిక తెస్తె మీరే మా ఇంటికొచ్చిండ్రు."

లింబాద్రి గారి ముఖం ఎర్రబడింది. అప్పుడు ఫోనులోంచి రాజశేఖర్ అన్నాడు, "నమస్తే సార్. మనోళ్ళు పరాయి దేశంల బతుకొద్దన్నరంట. నేను గూడ గదే అంటున్న."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. ఆయన కెమెరాల వైపు చూశారు, జనం వైపు చూశారు, చివరికి ఫోను వైపు చూశారు.

"మూడేండ్ల సంది గొర్లకాడనేనా?"

"అవు సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. కోపం ఎటుపోయిందో, గొంతు మామూలు మనిషి గొంతయింది. "లెటర్‌ప్యాడ్ తే రామ్‌దాస్" అన్నారు. ఉత్తరం అక్కడే రాశారు, ఢిల్లీకి ఫోను కూడా అక్కడి నుంచే చేశారు. లేచాక విలేకరులతో, గల్ఫ్ బాధితుడి పెళ్ళిరోజని తెలిసే వచ్చానని చెప్పారు. ఎవరూ కాదనలేదు.

గడువుకు రెండు రోజుల ముందు రాజశేఖర్ నిజామాబాద్ స్టేషన్‌లో రైలు దిగాడు. దండలతో కార్యకర్తలు, మధ్యలో లింబాద్రి గారు. ఇంత చిక్కిపోయిన మనిషిని ఎవరూ పోల్చుకోలేదు. "అన్నా, జర పక్కకు జరుగు, ఫోటోకు అడ్డమొస్తున్నవ్" అన్నాడొక కార్యకర్త. మూడేళ్ళుగా పక్కకు జరగడమే అలవాటైనవాడు, జరిగాడు. సుకన్య అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిచి, బోధన్ బస్సెక్కించింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కువైట్ నుంచి వచ్చినవాడు తప్ప అందరూ ఉన్నారు. అతని కోసం తర్వాతి రైళ్ళు కూడా చూసి, చివరికి వాళ్ళు ఆ ఫోటో తీసుకునే వేళకు అతను ఇంటికెళ్ళి అన్నం తింటున్నాడు.