ఆకుపచ్చ బూట్ల వెనక

ఆ జూన్ శనివారం పొద్దున్నే ఓట్స్ జావ తాగుతూ రేయో తన పథకాన్ని భార్య మిర్యాకి మూడోసారి వివరించాడు. అతనికి యాభై రెండేళ్ళు. కలప మిల్లులో రంపాలకు పదును పెట్టడం అతని పని. ఇరవై ఒక్క కిలోమీటర్ల సరస్సు పరుగులో ఎనిమిదేళ్ళుగా బావమరిది తపానీ చేతిలో ఓడిపోతూ వస్తున్నాడు. మామగారు పోతూ పోతూ ఒక నియమం పెట్టిపోయాడు: ఇంటివాళ్ళలో ఎవరు ముందు గీత దాటితే ఏడాదంతా సౌనాలో, అంటే ఇంటి ఆవిరిస్నానాల గదిలో, గరిటె వాళ్ళది. కాలిన రాళ్ళ మీద నీళ్ళు ఎప్పుడు పోయాలో, ఎన్ని పోయాలో గరిటె పట్టినవాళ్ళ ఇష్టం. తపానీ ఇష్టం ఎలాంటిదో రేయో చెవులకు బాగా తెలుసు.

"ఈసారి కాళ్ళతో కాదు, మనసుతో పరిగెడతా," అన్నాడు.

"కాళ్ళు కూడా తీసుకెళ్ళు, అవసరం పడొచ్చు," అంది మిర్యా బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. చేతికర్రలు ఊనుకుంటూ పరుగు దారంతా నడిచి వస్తానని ఆమె కూడా మొదటిసారి పేరిచ్చింది.

"నువ్వెందుకే మధ్యలో? నువ్వొచ్చేసరికి బ్యానర్లు విప్పేస్తుంటారు."

"విప్పనీ. మడత పెట్టడానికి సాయం చేస్తా."

చలికాలమంతా ఊరి గ్రంథాలయంలో సైలా అనే ఆవిడ ‘ఎరుకతో పరుగు’ నేర్పింది. పుట్టగానే అందరికీ వచ్చేసే ఊపిరిని యాభై ఏళ్ళు దాటాక కూర్చోబెట్టి నేర్పుతున్నారంటే, చదువుకున్నవాళ్ళ తెలివికి దణ్ణం పెట్టాలి. చూపు మూడు మీటర్ల ముందు నేల మీద ఉండాలి. నాలుగడుగులు పీల్చు, నాలుగడుగులు వదులు. ఆలోచన వస్తే రానివ్వు, పోనివ్వు. దానితో మాటలు పెట్టుకోకు. రేయో అంతా నేర్చేసుకున్నాడు.

"ఏం బావా, ధ్యానం అయిందా?" అన్నాడు తపానీ బయల్దేరే గీత దగ్గర. "గరిటెకి కొత్త పిడి వేయించా."

"మంచి పని చేశావు. నా చేతికి సరిపోయేలా వేయించావా?"

తపానీ నవ్వి అతని వెనక నిలబడ్డాడు. ఏటా అతని ఎత్తు అదే: రేయో వెన్నంటి వచ్చి చివరి కిలోమీటరులో దాటిపోవడం.

తుపాకీ పేలింది. విద్య నిజంగానే పనిచేసింది. మోకాలు నొప్పి వచ్చింది, పోయింది. తపానీ గుర్తొచ్చాడు, పోయాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర పక్క బాటలోంచి ఒక ఆకుపచ్చ బూట్ల జత రేయో చూపు ముందుకు వచ్చింది. తప్పూ తడబాటూ లేని అడుగులు. రేయో తన ఎరుకనంతా ఆ మడమల మీద పెట్టాడు.

పదకొండో కిలోమీటరు దగ్గర బాణం గుర్తు ఎడమకి ఉంది. ఆకుపచ్చ బూట్లు కుడికి తిరిగాయి. బాణం ఎడమకి కదా చూపిస్తోంది, అని రేయోకి ఒక ఆలోచన వచ్చింది. సైలా చెప్పినట్టే దాన్ని రానిచ్చాడు, పోనిచ్చాడు.

అంత ధీమాగా తిరిగిన వీపును చూసి తపానీ కూడా తిరిగాడు. అతని వెనక ముప్పై ఎనిమిది మంది తిరిగారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ముక్కూమొహం తెలియనివాణ్ణి పిలిచి ‘దారి తప్పావు’ అనేకంటే అతనితో కలిసి తప్పిపోవడమే ఫిన్లాండ్‌లో మర్యాద.

ఆకుపచ్చ బూట్లాయన అసలు పోటీలోనే లేడు. పొద్దుటి పరుగు ముగించుకుని ఇంటికి పోతున్నాడు. వెనక నలభై మంది అడుగుల చప్పుడు విని వేగం పెంచాడు. వాళ్ళూ పెంచారు. ఆగి అడగడానికి అతనికీ మొహమాటమే. అలా అయిదు కిలోమీటర్లు అడవీ, బంగాళాదుంప చేలూ దాటి తన పెరట్లోకి దూరి కట్టెల దొంతర పట్టుకుని నిలబడ్డాడు. నలభై మందీ నిలబడ్డారు. కుక్క ఒక్కసారి మొరిగి, సిగ్గుపడి ఊరుకుంది.

ఆయన భార్య మెట్ల మీదికి వచ్చి అందరినీ చూసింది.

"ఇంతమందిని తీసుకొస్తున్నట్టు ఒక్క మాట చెప్పకూడదూ?"

"నేను తేలేదు. వాళ్ళే వచ్చారు."

"సరేలే. కాఫీ పెడతా."

కాఫీ పెట్టాక తాగకుండా పోవడం ఎవరివల్లా కాదు. యాలకుల బన్నులు కూడా వచ్చాయి. రెండో కప్పు సగంలో ఉండగా తపానీ గుసగుసలాడాడు.

"బావా, ఇది ఎన్నో కిలోమీటరు?"

"ఆ ఆలోచనని పోనివ్వు."

"పోయింది. దాంతోపాటు దారి కూడా పోయింది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇల్లాలికి థాంక్స్ చెప్పి, కప్పులు కింద పెట్టి ఒక్కసారే దౌడు తీశారు. అయిదు కిలోమీటర్లు వెనక్కి, అక్కణ్ణుంచి పది ముందుకి, భుజం భుజం రాసుకుంటూ. చివరి వంద మీటర్లలో తపానీకి పొట్టలో బన్ను అడ్డం తిరిగింది. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి రేయో మూడడుగులు ముందుగా గీత దాటాడు.

"గరిటె నాది!" అని చేతులెత్తి అరిచాడు.

గీత పక్కనే మిర్యా మెడలో పతకంతో బ్యానర్ మడత పెడుతోంది.

"చూశావా? గెలిచా!"

"చూశా. నలభై నిమిషాల నుంచి మీ కోసమే చూస్తున్నా."

"అక్కా, నువ్వెప్పుడొచ్చావ్?" అన్నాడు తపానీ రొప్పుతూ.

"బాణం ఎడమకి అంటే ఎడమకి తిరిగాను. అంతే. ఒరేయ్, నాన్న ఏమన్నాడు? ఇంటివాళ్ళలో ఎవరు ముందొస్తే వాళ్ళదన్నాడా, మగవాళ్ళలో అన్నాడా?"

ఇద్దరికీ జవాబు తెలుసు.

ఆ సాయంత్రం సౌనాలో బావా బావమరుదులు పై బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. మిర్యా కొత్త పిడి ఉన్న గరిటెను బకెట్లో నిండా ముంచింది.

"నాలుగు పీల్చు, నాలుగు వదులు," అంటూ రాళ్ళ మీద పోసింది.

చెవులు కాలుతున్నాయన్న ఆలోచన రేయోకి వచ్చింది. అది మాత్రం పోలేదు.