అద్దాల బీరువాలో రాగి చెంబు

శంకరమ్మ రాగి చెంబు పోయింది తొంభై ఆరులో ఒక మంగళవారం. శంకరమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. చెంబు మీద ఆమె పేరు చుక్కల అక్షరాలతో చెక్కి ఉండేది. మోస్రా బడిలో పంతులైన ఆమె భర్త ఆత్మారాం సారు ఎక్కడికి వెళ్లినా అందులోనే నీళ్లు తీసుకెళ్లేవారు. ఆమె పేరు మాత్రం ఆయన ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ పొద్దున అనుకున్నది సులువైన పనే. నిజామాబాదులో పాత నీళ్ల పంపుహౌసును విజ్ఞాన కేంద్రంగా మార్చారు. దాన్ని పిల్లలకు చూపించి సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. లోపల ఒక పిల్ల చెప్పు తెగింది. పిన్నీసు పెట్టడానికి సారు చెంబును పక్క బల్ల మీద ఉంచారు. అది ఊళ్లోవాళ్లు ప్రదర్శనకు ఇచ్చిన పాత బిందెలు, గంగాళాల బల్ల. అన్నిటి మీదా ఎవరో ఒకరి పేరుంది. ఆయన తల ఎత్తేసరికి బల్ల ఖాళీ. వాచ్‌మన్ లింబయ్య అన్నిటినీ అద్దాల బీరువాలో సర్ది తాళం వేస్తున్నాడు.

"లింబన్నా, గా చెంబు నాది."

"మీ పేరు శంకరమ్మనా సారూ?"

"నా భార్యది."

"గట్లయితే ఆమెనే రమ్మనుండ్రి."

అంతలో ఆ మాటలు వింటూ కేంద్రం అధికారి రామస్వామి వచ్చారు. "మోస్రా నుంచి కూడా దానమా! గురువారం ప్రారంభోత్సవం. దాతలకు శాలువాలు. మీ ఆవిడను తీసుకురండి."

"ఆమె రాలేదు సార్."

"ఒంట్లో బాగాలేదా?"

సారు అబద్ధం ఆడే మనిషి కాదు. "ఇప్పుడు నొప్పులేం లేవు సార్."

"ఇంకేం మరి!"

సంగతి తెలిసిన పిల్లలు నేల చూశారు.

గురువారం చెంబు తెచ్చుకుందామని సారు ఒక్కరే వెళ్లారు. మైకులో శంకరమ్మ పేరు మూడుసార్లు పిలిచారు. మూడోసారికి ఆయనే లేచి శాలువా కప్పించుకున్నారు. "ఇంత సిగ్గైతే ఎట్లమ్మా!" అని రామస్వామి ముందుకు రాని శంకరమ్మను మైకులోనే మందలించారు.

సభ ముగిశాక లింబయ్య బీరువా తాళం తీశాడు. "మొన్న మీ పిల్లలు పోతపోత చెప్పిండ్రు సారూ. తప్పయింది. ఎవ్వలు జూస్తలేరు, తీస్కపోండ్రి."

సారు చెంబు చేతిలోకి తీసుకున్నారు. అవతలి బీరువా దగ్గర ఎవరో పట్నం పిల్ల బిందెల మీది పేర్లను ఒక్కొక్కటే గట్టిగా చదువుతోంది. సారు చెంబును శాలువా అంచుతో తుడిచారు. మళ్లీ లోపలే పెట్టారు.

"గిదేంది సారూ?"

"పేరు గోడ దిక్కుండె, లింబన్నా. ఇటు తిప్పిన."

చెంబు కింద చీటీలో 'దాత: శంకరమ్మ, మోస్రా' అని ఉంది. ఆమె గురించి రెండు మాటలు రాసివ్వమని రామస్వామి అడిగారు. చీటీలో దానికి చోటు కూడా వదిలారు.

ఆత్మారాం సారు ఇంకా రాయలేదు.