పాలతో సమానమైన పిండి

పౌష్టికాహార మంత్రిగారు ఒక సోమవారం ఉదయం ప్రెస్‌మీట్ పెట్టి, ప్రభుత్వ హాస్టళ్లలో పిల్లలకు పెడుతున్న పుష్టిపిండిలోని ప్రోటీన్, పాలలోని ప్రోటీన్‌తో సమానమని ప్రకటించారు. ఇక హాస్టళ్లకు పాలెందుకు, పిండే చాలన్నారు. ఎవరు పరీక్షించారని ఒక విలేకరి అడిగాడు.

"పరీక్షిస్తాం," అన్నారు మంత్రిగారు ఏమాత్రం తొణక్కుండా. ఫలితం ముందు చెప్పి పరీక్ష తర్వాత పెట్టించే ధైర్యం అందరికీ ఉండదు.

ఆ పరీక్ష కాస్తా ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసే కెమిస్టు నెత్తిన పడింది. ఆఫీసులో ఆయన్ని అందరూ తక్కెడ మాస్టారంటారు. మార్కెట్లో తూచి ఇచ్చిన వంకాయల్ని ఇంటికొచ్చి మళ్లీ తూచుకునే రకం. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క గ్రాము అబద్ధం రాయలేదు. ప్రమోషన్ రాకపోవడానికి అంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. ఈసారి మాత్రం ఆయనకు ఇంకో బెంగ ఉంది. చెల్లెలి కూతురు అలాంటి హాస్టల్లోనే ఉండి చదువుకుంటోంది. ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా, "మామయ్యా, ఇక్కడ సాయంత్రం ఇచ్చే పాలగ్లాసు ఒక్కటే బాగుంటుంది," అంటుంది.

పరీక్ష తేలికే. ఒకే ఈడు ఎలుక పిల్లల్ని రెండు బోనుల్లో పెట్టాలి. ఒక బోనుకు పాలపొడి కలిపిన మేత, రెండో బోనుకు పిండి కలిపిన మేత. ఇరవై ఎనిమిది రోజులయ్యాక తూచాలి. తిన్న ప్రోటీన్ ఒంటికి ఎంత పట్టిందో ఎలుక బరువే చెబుతుంది. పాల ఎలుకలు సగటున నూరు గ్రాములు పెరిగాయి. పిండి ఎలుకలు పన్నెండు. మాస్టారు మూడుసార్లు తూచి, తక్కెడ మార్చి నాలుగోసారి తూచి, "నూటికి పన్నెండు" అని రాసి పంపారు.

మర్నాడే ప్రయోగశాల డైరెక్టరుగారి నుంచి పిలుపొచ్చింది.

"ఏమయ్యా, ఆ ఎలుకలు ఎవరి మనుషులు?"

"ఎవరి మనుషులూ కాదు సార్. ఎలుకలు."

"మన పిండి తిని మనకే ఎసరు పెడతాయా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతిలా ఉంది. మార్చెయ్!"

ఎలుకల్ని బదిలీ చేశారు. కొత్త బ్యాచ్ పూర్వచరిత్ర విచారించడానికి ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ రెండు రోజులు బోను ముందు కుర్చీలేసుకుని కూర్చుని, ఈ ఎలుకలకు ఏ పార్టీతోనూ సంబంధాలు లేవని ఏకగ్రీవంగా తేల్చింది. మళ్లీ ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. ఈసారి పాల ఎలుకలు షరా మామూలే. పిండి ఎలుకలు పదకొండు.

అప్పుడు మంత్రిగారి పీఏ స్వయంగా ల్యాబుకు దయచేశాడు. మంత్రిగారికి వచ్చే గొప్ప ఆలోచనలన్నీ ముందు ఈయనకు వస్తాయని ప్రతీతి.

"మాస్టారూ, పిండి ఎలుకల్ని లావెక్కించడం ఎవరివల్లా కాదంటారు?"

"కాదండి."

"పోనీ, పాల ఎలుకల్ని చిక్కించడం?"

పీఏ పాల బోను మీదికి వంగి చూశాడు.

"సమానం కావాలన్నారు గానీ, పైన సమానమా కింద సమానమా అన్నది మంత్రిగారు చెప్పలేదుగా! పాల బోనుకు పాలపొడి ఆపేసి గంజిపొడి పెట్టండి."

"పాలు లేకపోతే అది పాల బోను ఎలా అవుతుందండీ?"

"బోర్డు ఉంటుందిగా!"

ఆపేసిన పాలపొడి వృథా కాకూడదని డైరెక్టరుగారి టీలోకి మళ్లించారు. నెల తిరిగేసరికి డైరెక్టరుగారు నాలుగు కిలోలు పెరిగారు. బోనుల్లో మాత్రం ఇటు ఎలుకలూ అటు ఎలుకలూ పదకొండేసి గ్రాములు పెరిగి, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చున్నాయి. ఇక రిపోర్టు రాసి సంతకం పెట్టడమే మిగిలింది.

ఆ సాయంత్రం మాస్టారికి అన్నం సయించలేదు.

"నేను పెట్టనంటే ఇంకెవరిచేతో పెట్టిస్తారు. పెడితే నా మేనకోడలి పాలగ్లాసు నా చేత్తోనే లాక్కున్నట్టవుతుంది," అన్నారు భార్యతో.

ఆవిడ కంచం తీసి పక్కన పెట్టింది. "ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టండి. మంత్రిగారు దాన్ని శాఖ వార్షికసభలో చదువుతారంటున్నారుగా? అంతమందిలో ఒక్కరైనా నవ్వకపోరు. ఒక్కరు నవ్వితే చాలు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. తెల్లారి కూర్చుని ఒక్క అక్షరం దాచకుండా రాశారు. పైవాళ్లు ఆఖరి మాట ఒక్కటీ చూసి, "భేష్" అని పైకి పంపించేశారు.

సభ రోజున హాలు కిక్కిరిసింది. మాస్టారు మూడో వరుసలో చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. మంత్రిగారు మైకు ముందుకొచ్చి, కళ్లజోడు సవరించుకుని, గంభీరంగా చదివారు.

"పాల బోనుకు పాలు పూర్తిగా ఆపివేసి, గంజిపొడి పెట్టిన మీదట, పాల ఎలుకలు కూడా పిండి ఎలుకల్లాగే ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయి, రెండూ సమానమైనవి."

హాలు నిశ్శబ్దమైంది. ఎవరైనా నవ్వుతారేమోనని మాస్టారు అటూ ఇటూ చూశారు. మంత్రిగారు గొంతు పెంచి, "సమానమైనవి!" అని ఇంకోసారి చదివారు.

చప్పట్లు మిన్నంటాయి. విలేకరులు "సమానం" అని రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ ఊపులోనే మంత్రిగారు హాస్టళ్లకు పాలు ఆపే ఫైలు మీద వేదికపైనే సంతకం చేశారు. రేపు మేనకోడలు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో మాస్టారికి తోచలేదు.

తర్వాత ఉత్తమ ఉద్యోగి బహుమతి. పుష్టిపిండి నిల్వచేసే గోడౌన్ కీపరును వేదిక మీదికి పిలిచారు. ఏడాదిగా పదివేల బస్తాలు ఆయన చేతిలో ఉన్నా, ఒక్క బస్తాకు కూడా ఎలుక కొట్టిన చిల్లు లేదట.

"మందు పెట్టావా?" అని ముచ్చటపడి అడిగారు మంత్రిగారు.

"లేదండి."

"పిల్లిని పెంచావా?"

"అదీ లేదండి. పక్క గదిలో ధాన్యం బస్తాలున్నాయండి. ఎలుకలు వాటిని జల్లెడ చేసేశాయి. మధ్య తలుపు తీసే ఉంటుందండి. కానీ ఇటొచ్చి, ఓసారి వాసన చూసి, వెనక్కి వెళ్లిపోతాయండి."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. కీపరు భుజం మీద చెయ్యేసి సభవైపు తిరిగారు.

"చూశారా! పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కోకూడదన్న ఇంగితం ఎలుకలకు కూడా ఉంది!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.