సోమలింగం ఎక్కని సైకిలు

ఆ ఆదివారం పొద్దున సోమలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. సోన్‌గఢ్‌లో టెంపో దిగాలి. భార్య లేసు కుట్టే సూదితో తన సైకిలు వెనక టైరులో ఎవరూ చూడకుండా ఒక్క పోటు పొడవాలి. "అయ్యో, పంక్చర్" అనాలి. ఆపైన పద్దెనిమిది కిలోమీటర్లూ దాన్ని తోసుకుంటూ నడవాలి. నడక అతనికి కొత్త కాదు, సైకిలెక్కడమే కొత్త.

ఇరవై ఏళ్ళుగా సైకిలున్న మనిషికి తొక్కడం రాదంటే ఎవరు నమ్ముతారు? అమ్రోలిలో ఇంటి నుంచి మగ్గాల కార్ఖానాకు ఆ సైకిలు చీరల మూటలతో వెళ్తుంది, మూటలతోనే తిరిగొస్తుంది. భాగీరథి ఇంట్లో కూర్చుని ఆ చీరలకు లేసు కుడుతుంది. అంత బరువున్న సైకిలును తోసుకుపోవడంలో వింతేమీ లేదు కనుక, సోమలింగాన్ని దాని మీద తామెన్నడూ చూడలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టకుండా అతనూ మూటలు కాస్త ఎత్తుగానే కట్టేవాడు.

ఇంతలో కార్ఖానా యజమాని కాంతిభాయ్ సేఠ్‌ను డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. సేఠ్ ఒంటరిగా చెమటోడ్చే రకం కాదు. సోన్‌గఢ్ కోట కింద బయల్దేరి, టేకు అడవిలోంచి ఉకాయ్ జలాశయం గట్టుకు పోయి, గుట్టెక్కి దిగి మళ్ళీ కోట దగ్గరికే వచ్చే పద్దెనిమిది కిలోమీటర్ల చుట్టు ఒకటి ఉందనీ, కష్టం మోస్తరేననీ, రాత్రి షిఫ్టు వాళ్ళలో చుట్టు పూర్తిచేసి తన మెప్పు పొందినవాడికి పగటి షిఫ్టు ఇస్తాననీ చెప్పాడు.

సోమలింగానిది పదకొండేళ్ళుగా రాత్రి షిఫ్టు. వారంలో ఆరు రాత్రులు భాగీరథి ఒక్కతే కూర్చుని అన్నం తింటుంది. అందుకే పేరిచ్చేశాడు.

సూది బాగానే దిగింది. "అయ్యో, పంక్చర్!" అని సోమలింగం అరిచాడు.

"ఫికర్ చెయ్యకు! మిస్త్రీని ఎంబడి తెచ్చిన," అన్నాడు సేఠ్. పాతికేళ్ళు తెలుగు పనివాళ్ళతో వేగి వాళ్ళ తెలుగే నేర్చుకున్నాడాయన. మిస్త్రీ ఐదు నిమిషాల్లో అతుకు వేసి, అడక్కుండానే గొలుసుకు నూనె కూడా రాశాడు. ఈలోగా మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు.

"మీరు ముందు పోన్రి సేఠ్, నేను ఎనుక అస్త," అని హ్యాండిలు పట్టుకుని నడవసాగాడు.

సేఠ్ అతన్ని తేరిపార చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "అందరు నన్ను ఇడిచిపెట్టి ఉరికిన్రు. నువ్వొక్కనివే నాకు తోడు నడుస్తున్నవ్," అని తన సంచీ తీసి సోమలింగం క్యారియర్ మీద పెట్టి, పక్కనే మెల్లగా తొక్కసాగాడు.

క్యారియర్ మీద బరువు పడగానే సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. దారిలో అలసి కూర్చున్నవాళ్ళు సేఠ్ సంచీని చూసి తమవి కూడా పెట్టారు. టిఫిన్ డబ్బాలు, నీళ్ళ క్యాన్లు, ఎవరిదో చొక్కా. జలాశయం గట్టు దాటేసరికి మూట మెడ ఎత్తుకు లేచింది.

గుట్ట దగ్గర అందరూ సైకిళ్ళు దిగక తప్పలేదు. తొక్కడం వచ్చినవాళ్ళకు తోయడం రాదు. పెడళ్ళు పిక్కలకు తగులుతున్నాయి. గెలిచేది తనేనని వారం రోజులుగా కోతలు కోసిన సాటి పనివాడు పరుశురాం తన సైకిలును బూతులు తిడుతున్నాడు. సోమలింగం ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఇంకో చెయ్యి మూట మీద వేసి వాళ్ళందరినీ దాటిపోయాడు.

"ఏంది సోమలింగం, గుట్టెక్కుతున్నవా, అంగడికి పోతున్నవా?" అని పరుశురాం కుళ్ళుకున్నాడు.

పైకి అందరికంటే ముందు చేరింది అతనే. సేఠ్ ఎగరొప్పుతూ వచ్చి కావలించుకున్నాడు. "శభాష్! ఇగ దిగుడే. మొదలు ఎక్కినోడే మొదలు దిగాలె. పరుశురాం, ఆ మూటలు దించు!"

"వద్దు సేఠ్, ఉండనియ్యిన్రి! నాకేం బరువు లేదు!" సోమలింగం మూటను రెండు చేతులా వాటేసుకున్నాడు. వినయమనుకుని నలుగురు కలిసి తాళ్ళు విప్పారు. ఒక్కో ముడీ ఊడుతుంటే అతను మళ్ళీ బిగించబోయాడు. కింద దారి తిన్నగా కోట దాకా జారిపోతోంది. చివర సేఠ్ కట్టించిన బ్యానరు. చుట్టూ ఫోన్లు లేచాయి.

"సేఠ్, నిజం చెప్త. నాకు..."

"సిగ్గుపడుతుండు!" అంటూ పరుశురాం అతన్ని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టి ఒక్క తోపు తోశాడు.

ఇరవై ఏళ్ళు తను తోసిన సైకిలు ఆ రోజు అతన్ని మోసుకుపోయింది. బ్రేకు నొక్కితే పలకలేదు. ఎన్నడూ వాడని ఆ రబ్బర్లు ఎప్పుడో రాయైపోయాయి. "అవ్వో, సచ్చిన్నో!" అని అతను పెట్టిన కేక గుట్టంతా మోగింది.

"ఎంత మజా చేస్తుండో చూడు," అన్నాడు సేఠ్ మురిసిపోతూ.

సోమలింగం బ్యానరు కింద నుంచి దూసుకుపోయి, అవతలి వరిమడిలో ఆగాడు. వెనకాలే వచ్చిన టెంపో ఎక్కి గుట్ట దిగొచ్చిన సేఠ్ బురదలోంచి అతన్ని లేపి, "క్యా స్పీడ్ రే! పగటి షిఫ్టు నీదే!" అన్నాడు. సోమలింగం ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకునేలోపే సేఠ్ మిగతాది చెప్పాడు. "అమ్రోలిల కాదు, జోల్వా ఊర్ల. కొత్త కార్ఖానా. ముప్పై కిలోమీటర్లు ఉంటది. పదిమంది సైకిళ్ళ మీద అస్తరు, నువ్వే ముందుండి తీస్కపోవాలె. అచ్చే నెల సంది."

ఆ సాయంత్రం భాగీరథి అతని మోకాళ్ళకు నూనె రాస్తుంటే సోమలింగం తల దించుకున్నాడు. "ఒక ముచ్చట చెప్పాలె. నాకు సైకిల్ తొక్కరాదు."

"ఎరికే."

"ఎట్ల?"

"సీటు కొన్ననాటి లెక్కనే ఉన్నది. చెప్పులైతే ఏడాదికి నాలుగు జతలు. గామాత్రం తెల్వదా?"

"మరెన్నడు అనకపోతివి?"

"మూటలు గంత ఎత్తుగ కట్టి దాసుకుంటుంటివి. ఏమని అనాలె?" అంటూ ఆమె రెండు కంచాలు పెట్టింది. "తిను. పొద్దుగాల జల్ది లెవ్వాలె."

మర్నాడు తెల్లవారగానే అమ్రోలి సందులో ఆ సైకిలు ఎప్పటిలాగే బరువుతో కదిలింది. సీటు మీద మాత్రం సోమలింగం, తోసేది భాగీరథి.