లిఫ్టు పైన బాంబులు

ఆ ఉదయం టైలరమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. అపార్టుమెంటు పక్కనే ఉన్న తన కొట్టులో స్కూలు యూనిఫారాలకు కాజాలు కుట్టడం ముగించి, జమీందారును డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి గోళ్లు కత్తిరింపించాలి. జమీందారంటే ఆవిడ కుక్క. రోజంతా కుట్టుమిషను కింద పడుకోవడం, పిలిస్తే ఒక కన్ను తెరిచి చూడడం తప్ప మరో పని చేయడు కాబట్టి ఆ పేరు. ఇల్లంతా 'అది' అన్నా, ఆవిడకు మాత్రం 'వాడు'.

ఆ ప్రణాళికను భర్త టీ గ్లాసుతో సహా వచ్చి చెడగొట్టాడు.

"సాయంత్రం కొత్త లిఫ్టు ప్రారంభం," అన్నాడు, ఎందుకైనా మంచిదని గుమ్మం అవతలే నిలబడి. "తమ్ముడు బాంబులు తెప్పించాడట. ఇంట్లో పెడితే వాళ్లావిడ ఊరుకోదని లిఫ్టు పైన మోటారు గదిలో దాచాడట."

మిషను ఆగిపోయింది.

ఆ తమ్ముడు, అంటే ఆవిడ మరిది, వాళ్లుండే అపార్టుమెంటులోనే మూడో అంతస్తులో ఉంటాడు. అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు. నిరుడు ఎన్నికల్లో గెలిచిన రోజున గేటు ముందు పెద్ద పెద్ద బాంబులు కాల్పించాడు. ఆ దెబ్బకు జమీందారు గొలుసు తెంపుకుని పారిపోయాడు. ఊరంతా వెతగ్గా వెతగ్గా రోడ్డు కింద మురుగు గొట్టంలో దొరికాడు. పాదాలు నాలుగూ చీరుకుపోయి ఉన్నాయి. ఆ తర్వాత చాలా రోజులు ముద్ద ముట్టలేదు. ఆ రోజుల్లో ఆవిడా సరిగ్గా తినలేదు కానీ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ మరిదికి ఫోన్ చేసింది.

"ఏరా, మళ్లీ బాంబులా?"

"పది నిమిషాల సరదా వదినా! వాడి చెవుల్లో కాస్త దూది పెట్టు."

"నీ సరదా కోసం వాడు మళ్లీ మురుగు గొట్టంలో దూరాలా?"

"మీటింగులో అందరినీ అడిగాంగా. వద్దన్నది నువ్వొక్కదానివే. ఈ బిల్డింగులో నీకు తప్ప ఎవరికీ జంతువుల్లేవు. ఒక్క కుక్క కోసం ఇంతమంది సంతోషం చెడగొట్టమంటావా?"

"చిన్నప్పుడు నీ నిక్కర్లు కుట్టిన చేతులురా ఇవి. అవసరమైతే నోరు కూడా కుడతాయి!"

అవతల ఫోన్ పెట్టేశాడు. టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అపార్టుమెంటు గ్రూపు తెరిచి, బటన్ నొక్కి పట్టుకుని, గొంతు చించుకుని మాట్లాడింది.

"అందరూ వినండి! సాయంత్రం లిఫ్టు దగ్గర బాంబులు పేలతాయి. చంటిపిల్లలూ, ముసలివాళ్లూ, నోరులేని జీవాలూ ఉన్నవాళ్లు ముందే బయటికి పోండి. ఇది ఎవడు చేస్తున్నాడో నాకు తెలుసు. వాణ్ని మాత్రం ఊరికే వదలను!"

లిఫ్టు తెరవడానికి టపాకాయలెందుకు, మిఠాయిలు పంచుకుంటే చాలదా అన్న మాట కూడా ఆవిడ చెప్పింది. అయితే కోపంలో చెయ్యి ఊపినప్పుడు వేలు జారింది కాబట్టి ఆ మాట గ్రూపుకు చేరలేదు. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

గ్రూపు నుంచి ఆ వాయిస్ మెసేజి పక్క వీధి గ్రూపుకు, అక్కణ్నుంచి కూరగాయల మార్కెట్టుకు, అక్కణ్నుంచి పోలీస్ స్టేషనుకు పాకింది. ఆవిడ ఇంకా కాజాలు కుడుతుండగానే ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లతో కొట్టులోకి వచ్చాడు.

"బాంబుల గురించి చెప్పింది మీరేనా?"

"నేనే. మళ్లీ చెప్పమన్నా చెప్తాను."

"ఎక్కడున్నాయి?"

"లిఫ్టు పైన మోటారు గదిలో."

"పెట్టిందెవరు?"

"మా మరిది."

ఎస్సై గొంతు తగ్గించాడు. "ఇంతకుముందు కూడా ఇలాంటివి చేశాడా?"

"నిరుడు గేటు దగ్గర చేశాడుగా! మావాడు చావు తప్పించుకుని బయటపడ్డాడు."

"నిరుడు కూడానా?" ఎస్సై ముఖం పాలిపోయింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను సార్! ఎవరు విన్నారు? చెవుల్లో దూది పెట్టుకోమన్నారు."

ఎస్సై పరుగెత్తాడు. నోరులేని జీవాల గురించి ఇంత పట్టించుకునే పోలీసులు కూడా ఉన్నారని టైలరమ్మకు ఒళ్లు పులకరించింది. జమీందారును వెంటబెట్టుకుని, తమాషా చూద్దామని అపార్టుమెంటు ఆవరణలోకి వెళ్లింది.

అప్పటికే సైరన్లు మోగుతున్నాయి. పోలీసులు ఇళ్లు ఖాళీ చేయిస్తుంటే జనం మెట్లమీంచి ఒకరినొకరు తోసుకుంటూ దిగుతున్నారు. బ్యాంకు క్యాషియరు దిండు గలీబు ఒకటి గుండెకు అదుముకుని వచ్చాడు. గలీబు "మ్యావ్" అంది. రిటైర్డు హెడ్మాస్టరు తువ్వాలు కప్పిన పంజరంతో దిగాడు. రెండో అంతస్తు నర్సు చేపల తొట్టెను నీళ్లు తొణకకుండా మోసుకొచ్చింది. వెనకే మరో మూడు పిల్లులు, ఒక తాబేలు, చంకలో బొచ్చుకుక్కపిల్ల.

టైలరమ్మ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఆ నోటికి పని చెప్పింది.

"మీటింగులో చేతులెత్తి 'బాంబులు కాల్చాల్సిందే' అన్నారే, అప్పుడు ఈ పిల్లి ఎక్కడుందండీ?"

"మెల్లగా అమ్మా," అన్నాడు క్యాషియరు. "మీరంటే ఆయన వదిన. మాకు జంతువులున్నాయని తెలిస్తే అధ్యక్షుడు నీళ్లు కట్టేస్తాడని..."

"నీళ్లకు భయపడి దాని గుండె ఆగినా ఫర్వాలేదనుకున్నారా? పిల్లలకు పాఠాలు చెప్పిన మీరు, మాస్టారూ! మీకూ నోరు పెగల్లేదా? నన్నొక్కదాన్నీ పిచ్చిదాన్ని చేసి నిలబెట్టారే, సిగ్గు లేదూ!"

ఎవరూ తల ఎత్తలేదు. తాబేలు ఉన్న తల కూడా లోపలికి లాక్కుంది.

ఇంతలో కానిస్టేబుళ్లిద్దరూ మరిదిని చెరో రెక్కా పట్టుకుని దింపారు.

"సార్, అవి బాంబులే సార్, కానీ బాంబులు కావు సార్!" అని అతను మొత్తుకుంటున్నాడు.

పైనుంచి దింపిన అట్టపెట్టెలు తెరిచి చూసిన ఎస్సైకి భయం పోయి కోపం వచ్చింది. "మనుషులుండే భవనంలో, మోటారు పక్కన, ఇంత మందుగుండా? బుద్ధుందా?" అని అధ్యక్షుణ్ని కడిగేశాడు. వెంటనే టైలరమ్మ వైపు తిరిగాడు. "మీరైనా అవి టపాకాయలని చెప్పొద్దూ?"

"బాంబుల్ని బాంబులనక మల్లెపూలనాలా?" అంది ఆవిడ.

పెట్టెలన్నీ నీళ్ల డ్రమ్ములో ముంచమని ఎస్సై హుకుం. తడిసి ముద్దవుతున్న సరదాను మరిది దీనంగా చూస్తుండగా, అతని భార్య మెట్లు దిగి వచ్చింది. చేతిలో దుప్పటి, దుప్పటిలో తెల్ల కుందేలు.

"ఇది... ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మీరు అధ్యక్షుడైనప్పట్నుంచి. వాషింగ్ మిషను వెనకే ఉంటోంది. మీరెప్పుడైనా ఆ వైపు వస్తేగా!"

టైలరమ్మ ఆ అవకాశాన్ని వదలలేదు. అక్కడికక్కడే సిమెంటు బల్ల ఎక్కింది. "ఇకమీద ఈ ఆవరణలో బాంబులు వద్దనేవాళ్లు చేతులెత్తండి! ఈసారి జంతువుల్ని దాచినట్టు చేతుల్ని దాచకండి!"

అన్ని చేతులూ లేచాయి. మరిది భార్య కుందేలు చెయ్యి కూడా ఎత్తింది. ఏడాదిగా గుట్టుగా బతికిన జనం కదా, ఆ సంతోషం పట్టలేకపోయారు. చప్పట్లు, ఈలలు, కేకలు. ఎవరో ఖాళీ బకెట్టు బోర్లించి దరువేశారు. ఆవరణ దద్దరిల్లింది.

అప్పటిదాకా సైరన్లకు బెదిరి బల్ల కింద నక్కి ఉన్న జమీందారు ఒక్క ఎగురు ఎగిరాడు. గొలుసు ఆవిడ చేతిలోంచి జారింది. లిఫ్టు వాకిలికి అడ్డంగా కట్టిన రిబ్బను తెంపుకుని లోపలికి దూరాడు. సరిగ్గా అప్పుడే, మోటారు గదికి తాళం వెయ్యడానికి మళ్లీ పైకి వెళ్లిన ఒక కానిస్టేబులు కిందికి రావడానికి మూడో అంతస్తులో బటన్ నొక్కాడు. తలుపు మూసుకుంది. లిఫ్టు జమీందారుతో పైకి వెళ్లిపోయింది.

టైలరమ్మ మెట్లమీద పరుగెత్తింది. ఆవిడకంటే ముందు మరిది పరుగెత్తాడు. మూడో అంతస్తులో అతని ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆవిడ రొప్పుతూ పడగ్గదిలోకి వెళ్లేసరికి, అధ్యక్షుడు ఇస్త్రీ బట్టలతో మంచం కింద బోర్లా పడుకుని, జమీందారు చెవుల్ని రెండు అరచేతులతో మూసి ఉన్నాడు.

"వదినా," అన్నాడు గుసగుసగా, "వీడి గుండె చూడు, పగిలిపోయేలా ఉంది. ఇంత భయం ఉంటుందని నాకు తెలీదు."

"ఏడాదిగా చెప్తూనే ఉన్నానురా!"

"చెప్పావు. చూడలేదు."

తిట్టడానికి ఆవిడ దగ్గర ఇంకా బోలెడు మిగిలి ఉంది. ఆ ముఖం చూశాక ఆ తిట్లకు అక్కడ చోటు దొరకలేదు. అవి వృథా పోకుండా బాల్కనీలోకి వెళ్లి, కిందికి వంగి అరిచింది.

"ఆపండి! మీ చప్పట్లు తగలెయ్య!"

ఆవిడ ధన్యవాదాలు చెబుతోందనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు.

ఆ వారం జరిగిన మీటింగులో, ఆవరణలో ఎప్పటికీ టపాకాయలు కాల్చకూడదన్న తీర్మానాన్ని అధ్యక్షుడే ప్రవేశపెట్టాడు. అందరూ ఒప్పుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.